డబ్బాకు పోసిన ఒడిబియ్యం

అమ్మా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి తొమ్మిది నెలలు దాటింది. ఇన్నాళ్లూ నీకు ఒక్క ముక్క రాయలేదు, రాస్తే తిట్లే వస్తాయని తెలుసు కాబట్టి. ఇప్పుడూ తిట్లే వస్తాయి. కానీ కడుపులో పెట్టుకోవడం ఇక నా వల్ల కావడం లేదు.

ముందు ఒక సంగతి చెప్తాను, నమ్ముతావో లేదో. మంజుల, నేను కలిసి సినిమా చూశాం. తాండూరులో, మ్యాట్నీ. నీ పెద్దబిడ్డా చిన్నబిడ్డా పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఒకే పొట్లంలోని పల్లీలు తింటూ, సినిమా అయిపోయేదాకా నిన్ను తిట్టుకున్నాం.

సంతోషమేనా?

నువ్వు పోయిన రోజు ఏం జరిగిందో నీకు తెలియదు కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను. వికారాబాద్‌లో మన అద్దె ఇంటి ముందు నిన్ను పడుకోబెట్టారు. పసుపు రాసి, ఆకుపచ్చ చీర కట్టి, చేతుల నిండా గాజులు తొడిగి, రూపాయంత బొట్టు పెట్టారు. వచ్చిన ప్రతి ఆడదీ ఒకటే మాట... ముత్తైదువగా పోయింది, అదృష్టవంతురాలు అని. నాకు గట్టిగా అరవాలనిపించింది. ముప్పై ఏళ్లు మొగుడి ముఖం చూడకుండా, మిషన్ తొక్కి వీధంతటికీ జాకెట్లు కుట్టి బతికిన మనిషికి ఏం అదృష్టం? మెడలో పుస్తెలు ఉంటే సరిపోతుందా?

నాయిన వచ్చాడమ్మా, తాండూరు నుంచి. నాపరాళ్లు పాలిష్ చేసే మిషన్ల చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. ఎవరేం చెప్పినా తల ఊపుతున్నాడు. చివరి బొట్టు ఆయనే పెట్టాలన్నారు. పెట్టాడు. కుంకుమ నీ ముక్కు మీద రాలింది.

అదే చేత్తో ఒకప్పుడు నిన్ను కొట్టాడు. రాళ్ల యార్డులో, పనివాళ్లందరి ముందు, చెంప మీద. తొమ్మిదేళ్ల పిల్లను, నీ పక్కనే ఉన్నాను. నువ్వు ఏడవలేదు. నా రెక్క పట్టుకుని నేరుగా స్టేషన్‌కు నడిచావు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఇప్పటికీ ఆ పనికి నిన్ను తప్పు పట్టను. నేనైతే ఒక రాయి తీసుకుని కొట్టి మరీ వచ్చేదాన్ని.

కానీ మంజుల? అది ఆ వేళ నానమ్మ పక్కన నిద్రపోతోంది. మూడేళ్లది. రైల్లో నేను చెల్లె ఏదని అడిగితే నువ్వు అన్న మాట నాకు బాగా గుర్తుంది. "రెండొద్దుల్ల పోయి తీస్కొస్త బిడ్డా."

ఎన్ని రెండు రోజులు గడిచాయమ్మా?

తర్వాత పెద్దమనుషులు కూర్చున్నారు. పెద్దది తల్లికి, చిన్నది తండ్రికి అన్నారు. కొట్టంలో పశువులను పంచినట్టు పంచారు. నీ తోడబుట్టిన మామయ్య నీ ముఖం వైపు చూశాడు. నువ్వు తల ఊపావు. ఎందుకు ఊపావు? ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా నీ జవాబు ఒకటే. "అది నాయిన తాన మంచిగనే ఉన్నది." అనేసి మళ్లీ మిషన్ తొక్కేదానివి. మంచిగా ఉందని నీకెవరు చెప్పారు? ఎప్పుడు చూశావు?

టీవీలో మాత్రం ఏడ్చేదానివి. ఏ సినిమాలోనైనా తల్లీబిడ్డలు తప్పిపోతే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చివరిదాకా ఏడుపే. వాళ్లు కలుసుకునే సీను వచ్చిందంటే నాకు ఛాయ్ కూడా దొరికేది కాదు. ఎవరో ముక్కూ ముఖం తెలియని వాళ్లు కలిస్తే అంత సంతోషం. నీ సొంత బిడ్డ గంటసేపు రైలు ప్రయాణం అంత దూరంలో ఉంది. ఆ రైలు రోజూ మన ఇంటికి వినపడేలా కూత వేసుకుంటూ పోయేది.

నీ చావుకు మంజుల రాలేదు. అందరూ గుసగుసలు పోయారు. ఎంత రాతిగుండె అని నేను కూడా అనుకున్నాను. అనుకోవడమేమిటి, వచ్చిన వాళ్లతో అన్నాను కూడా.

ఇక డబ్బా సంగతికి వస్తాను. అసలు కోపమంతా దాని మీదే.

నా పెళ్లయ్యాక మూడో ఏడు, ఐదో ఏడు, అలా బేసి ఏడు వచ్చినప్పుడల్లా నన్నూ మీ అల్లుడినీ పిలిచి పీటల మీద కూర్చోబెట్టి ఒడిబియ్యం పోశావు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, కొత్త చీర. ఆడబిడ్డ పుట్టింటి నుంచి ఒడి నింపుకుని పోతే రెండిళ్లూ చల్లగా ఉంటాయని వీధిలోని ముత్తైదువలను పిలిచి మరీ పోయించావు. ఎవరికీ తక్కువ కాకుండా చేశావు. అందులో నిన్ను అనడానికి లేదు.

నా ఒడి నిండాక నువ్వు ఇంకో పని చేసేదానివి. అవే బియ్యం, నాకు పోసినన్నే దోసిళ్లు, దేవుడి గూటిలో ఉండే స్టీలు డబ్బాలో పోసేదానివి. పైన రెండు కుడుకలు పెట్టేదానివి. "ఇది చిన్నదాని పాలు" అని ముక్కు చీది, మూత పెట్టేదానివి. వచ్చిన వాళ్లంతా కళ్లు తుడుచుకునేవాళ్లు. నేనూ తుడుచుకునేదాన్ని... ఎంత ప్రేమ, ఎంత ప్రేమ అనుకుంటూ. పిచ్చిమొద్దును.

మంజులను పిలవచ్చు కదా అంటే ఒకటే మాట. "పిలిస్తి. రాకపాయె. నేనేం జెయ్యాలె?" పోనీ నేను వెళ్లి బొట్టు పెట్టి తీసుకొస్తానంటే కంచం పక్కకు నెట్టి పడుకున్నావు. మరునాడు కూడా ముద్ద ముట్టలేదు. "నువ్వు గూడ ఆ దిక్కు పోతే నాకెవరున్నరు బిడ్డా?" అన్నావు. నేను నీ కాళ్లు పట్టుకుని, పోను, అన్నం తిను అని బతిమాలాను. నాకు పెళ్లయి, పిల్లలు పుట్టాక కూడా నీతో అదే నాటకం. కన్నది ఇద్దరిని. ఒకదాన్ని వదిలేశావు, ఇంకొకదాన్ని అసలు వదలనే లేదు. ఏది ఎక్కువ కష్టమో మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.

నువ్వు పోయాక ఇంటివాళ్లు ఇల్లు ఖాళీ చేయమన్నారు. జర ఆగండి, వేసవి దాటనివ్వండి అన్నాను. సామాను సర్దుతుంటే గూట్లో డబ్బా కనబడింది. క్రితంసారి నాకు పోసినప్పటి బియ్యం అందులోనే ఉన్నాయి, పురుగు పట్టి. చాటలో పోసుకుని చెరిగాను. ఎండలో ఆరబెట్టాను. మళ్లీ డబ్బాలో పోసి, ఆ రెండు కుడుకలు పైన పెట్టాను.

నా మనసులో ఏముందో చెప్తే నవ్వుతావు. ఈ డబ్బా చూపిస్తే చాలు, మంజుల భోరుమంటుంది, నేనూ భోరుమంటాను, అక్కా అని మీద పడుతుంది అనుకున్నాను. నీ సినిమాలన్నీ నీ పక్కన కూర్చుని చూసిన దాన్ని కదా! పెళ్లిళ్లలో ఎదురుపడితే అది నన్ను "బాగున్నరా" అని అడిగేది, పరాయి వాళ్లను అడిగినట్టు. నువ్వు పోయాక నాకంటూ పుట్టిల్లు ఏదైనా ఉందంటే అది మంజుల ఒక్కతే. అది కూడా నన్ను అలాగే మీరు మీరు అంటూ ఉంటే, ఇక నేను ఎవరి దాన్ని?

డబ్బాను సంచిలో పెట్టుకుని తాండూరు రైలెక్కాను. ధారూర్ దాటేదాకా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. ఎవరో ప్రసాదమా అని అడిగారు. అవునన్నాను.

మంజుల ఇల్లు బజారు వెనకే. ముందు గదిలో మ్యాచింగ్ బ్లౌజ్ పీసుల దుకాణం, వెనక కాపురం. వాళ్ల అత్తమ్మది కర్ణాటక వైపు. "బర్రి, కూడ్రి" అంటూ కుర్చీ లాగింది. వసారాలో నాయిన ఉన్నాడు. నిరుడు జారిపడినప్పటి నుంచి ఆయన అక్కడే ఉంటున్నాడట, అది కూడా నాకు తెలియదు. మంజుల ఆయన చెవి దగ్గర వంగి, గట్టిగా, "పద్మక్క వచ్చింది నాయినా" అంది. పద్మక్క అంది... నాతో కాదు, ఆయనతో.

అందరూ కాస్త సర్దుకున్నాక డబ్బా తీసి దాని ముందు పెట్టాను. మూత తీసింది. ఇదేమిటి అన్నట్టు చూసింది. చెప్పాను. నాకు పోసిన ప్రతిసారీ అమ్మ నీ పాలు తీసి ఇందులో పోసింది మంజులా, ఒక్కసారి కూడా మరిచిపోలేదు అని.

మంజుల ఏడవలేదమ్మా. ముఖం ఎర్రబడింది.

"డబ్బాకు పోసిందా?" అంది. "నేను బతికే ఉన్న గద? ఈడనే, తాండూర్ల. డబ్బాకెందుకు పోసింది? నేను డబ్బానా?"

నువ్వుంటే ఏం చెప్పేదానివి?

అమ్మ నిన్ను పిలిచింది, నువ్వే రాలేదు అన్నాను. అనకపోయినా బాగుండేది. అప్పుడు లేచింది. "ఫోన్ల పిలిచింది. ఒడిబియ్యం పోస్తున్న, వీలైతె రా అన్నది. ఒడిబియ్యానికి గట్ల పిలుస్తరా? ఇంటికొచ్చి బొట్టు పెట్టకుంట పిలిస్తె ఏ ఆడిబిడ్డ పోతది? బియ్యం లేక అడుక్కోనీకి పోయినట్టుంటది. మా అత్తగారోళ్లు ప్రతిసారి అడిగిన్రు, మీ తల్లి ఎప్పుడొస్తదని. వస్తది వస్తది అని చెప్పిన. ఎన్నేండ్లని చెప్పాలె? మా మేనత్తొచ్చి పోసింది. తల్లి బతికుండంగ మేనత్త పోసుడేందని అందరు నవ్విన్రు."

వాళ్ల అత్తమ్మ లేచి లోపలికి పోయింది. నాయిన మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఏమీ వినబడలేదు కాబట్టి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. నీవల్లే కదా ఇదంతా అని ఆయన మీదకు ఎగబడబోయాను. మంజుల నా చేయి పట్టుకుంది. "ఆయిన్ని ఏమనకు" అంది. "నాకు జడలేసినోడు ఆయినె. వంకర పాపిడి తీస్తుండె. బళ్ల అందరు నవ్వుతుండె. అయినా రోజు ఏసిండు."

అవే చేతులమ్మా. నీ చెంప మీద పడ్డ చేతులే. ఆ రెండిటినీ నేను ఎలా తూకం వేయను? ఆయన్ని తిట్టడానికి వీల్లేకుండా పోయింది. అందుకే మొత్తం నీకే పడుతోంది, ఏమనుకోకు. అనుకున్నా సరే.

అత్తమ్మ ముందు, నాయిన ముందు కొట్లాడుకోలేం కదా. మంజులే అంది, "పా, సినిమాకు పోదాం. ఆడ చీకట్ల మాట్లాడుకోవచ్చు." దుకాణం అత్తమ్మకు అప్పజెప్పి చెప్పులేసుకుంది.

ఏం సినిమానో కూడా చూసుకోలేదు. హాలు సగానికి పైగా ఖాళీ. పాటలు లేవు, ఫైట్లు లేవు. ఒకామె సంసారం వదిలేసి వెళ్లిపోతుంది. కొడుకు తండ్రి దగ్గర, కూతురు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. పెద్దయ్యాక ఇద్దరూ ఎవరితోనూ నిలకడగా ఉండలేరు. కొడుకు పెళ్లాం మీద ప్రతిదానికీ అనుమానపడతాడు. కూతురేమో ఎవరైనా దగ్గరికి వస్తే ముందుగానే తగువు పెట్టుకుని పంపించేస్తుంది. వెనక వరసలోని వాళ్లు, ఇదేం సినిమారా అని సణిగారు. మా ఇద్దరికీ మాత్రం ప్రతి సీనూ తెలిసిన సీనే. ఆ కొడుకు మాట్లాడుతుంటే మంజుల, నీలెక్కనే ఉన్నడు అంది. కూతురు మాట్లాడుతుంటే నేను, నీలాగే ఉంది అన్నాను.

ఇంటర్వెల్ తర్వాత ఆ తల్లి ఎవరో డాక్టరు ముందు కూర్చుని చెప్పుకుంటుంది. ఎందుకు వెళ్లిపోయిందో, పిల్లల ముందుకు రావడానికి ఎందుకు భయపడిందో, మొదటి నుంచీ అంతా. మంజుల నా చెవిలో, "గీమె ఎవరికో ఒకరికన్న చెప్తున్నది. మనామె మిషన్‌కు తప్ప ఎవరికి చెప్పలే" అంది. అది నిన్ను "మనామె" అంది, విన్నావా? అమ్మ అనలేదు. కానీ మన అంది.

చివరి సీనులో ఆ తల్లి కూతురింటికి వస్తుంది. మెట్లెక్కుతుంది. తలుపు ముందు నిలబడుతుంది. బెల్లు వైపు చేయి లేపుతుంది... అంతే. సినిమా అయిపోయింది. లైట్లు వేశారు. వెనకవాళ్లు ఈల వేసి తిట్టుకుంటూ పోయారు. మంజుల లేవలేదు. తెల్ల తెర వైపే చూస్తూ అంది, "బెల్లు కొట్టలే అక్కా. చూసినవా? గీమె గూడ కొట్టలే."

అక్కా అంది. నేను ఊహించుకున్నట్టు మీద పడలేదు, ఏడవలేదు. తెర వైపు చూస్తూ అంది. అప్పుడే అడిగాను, అమ్మ చావుకు ఎందుకు రాలేదని. "చావుకు ఎవలు బొట్టువెట్టి పిలువరు గద. మనమే పోవాలె" అంది. "బతికున్నన్నొద్దులు ఒక్కసారి బొట్టువెట్టి పిలువలే. సచ్చినంక పిలువకుంట రావాల్నా నేను?"

రాతిగుండె అని అందరి ముందూ అన్నానే... ఆ మాట ఇప్పుడు ఎవరికి తిప్పి చెప్పను?

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఒక విషయం తట్టింది. తట్టాక కూర్చోలేకపోయాను, లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. నువ్వు ఎప్పుడూ అనేదానివి కదా, "నా పానం పోయినా ఆ గడప తొక్క" అని. ఆ గడప నాయిన ఇంటిది. సరే, తొక్కకు. కానీ మంజుల పెళ్లయ్యాక ఉన్నది అత్తగారింట్లో కదా! నాయిన ఆ ఇంటికి వచ్చిందే నిరుడు. అంతకుముందు అన్నేళ్లు ఏ గడప నీకు అడ్డం వచ్చింది? నిన్ను కొట్టినవాడి గడప కాదు అది. నీ బిడ్డ రోజూ ముగ్గు వేసే గడప. ఒక్క కుంకుమ భరిణె పట్టుకుని గంటసేపు రైల్లో కూర్చుంటే అయిపోయేది. నువ్వు గడపకు భయపడలేదమ్మా. మంజుల తలుపు తీసి ఎందుకొచ్చావని అడుగుతుందని భయపడ్డావు. డబ్బా అయితే ఏమీ అడగదు. ఎన్ని దోసిళ్లు పోసినా నోరు మూసుకుని పోయించుకుంటుంది.

నాకు చెప్పుంటే నేను నీ వెంట వచ్చేదాన్ని కదా? ముందు నేను నిలబడి, తిట్లన్నీ నేనే తిని, తర్వాత నిన్ను లోపలికి తీసుకుపోయేదాన్ని కదా? ఎందుకు చెప్పలేదు?

మరుసటి వారమే నేనూ మీ అల్లుడూ తాండూరు వెళ్లాం, నీ కుంకుమ భరిణె పట్టుకుని. మంజులకు బొట్టు పెట్టాను, వాళ్లత్తమ్మకు పెట్టాను. ఆదివారం ఒడిబియ్యానికి మన ఇంటికి రావాలని నోరారా పిలిచాను. మంజుల అద్దంలో బొట్టు చూసుకుంది. కొంచెం పక్కకు పెట్టానట, సరిచేసుకుంది. వాళ్లత్తమ్మే, తప్పకుండా వస్తారమ్మా అని చెప్పి నాకు జాకెట్ ముక్క పెట్టి పంపింది.

ఇక్కడ బంట్వారం నుంచి అత్తమ్మ, అదే మామయ్య భార్య, ఫోన్ చేసి గొడవ. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగకుండా ఒడిబియ్యం ఏమిటి, ఎవరైనా చేస్తారా అని. ముప్పై ఏళ్లు ఆగింది చాలదా అత్తమ్మా అని పెట్టేశాను. ఆమెకు కోపం వచ్చి రాలేదు. రాకపోతే రానీ.

నువ్వున్న ఇంట్లోనే చేశాను. గదులన్నీ ఖాళీ, మూలన నీ మిషన్, గోడకు నీ ఫోటో. మంజుల మొగుడితో వచ్చింది. ఆటోలో నాయిన కూడా ఉన్నాడు. లోపలికి రమ్మంటే చేయి అడ్డంగా ఊపాడు. "నేనీడనే ఉంట. మీరు కానియ్యిన్రి" అని ఆటోలోనే కూర్చున్నాడు. ఆయన కూడా నీ గడప తొక్కడట! చూశావా? కాపురం చేయలేకపోయారు గానీ, మొండితనంలో మాత్రం భలే జత కుదిరారు. ఛాయ్, పలారం ఆటోలోకే పంపాను.

మంజుల లోపలికి వచ్చి ఇల్లంతా చూసింది. నీ ఫోటో ఉన్న గోడ వైపు మాత్రం చూడలేదు. మిషన్ చక్రం మీద చేయి పెట్టి ఒకసారి తిప్పింది. అంతే. వచ్చి పీట మీద కూర్చుంది.

కొత్త బియ్యం కలిపాను. వీధిలోని ముత్తైదువలు వచ్చారు. మొదటి దోసిలి నేను పోశాను. నాయిన చేతిలోంచి కుంకుమ రాలినట్టే నా దోసిట్లోంచి కొన్ని గింజలు కింద పడ్డాయి. మంజుల వంగి ఒక్కొక్కటీ ఏరుకుంది, అవి కూడా వదలలేదు. అది చూశాక నాకు ఇక ఆగలేదు. అందరి ముందూ ఏడ్చాను. అది మాత్రం ఏడవలేదు. గట్టిది. నీ బిడ్డే.

ఆ పాత డబ్బా బియ్యం ఏం చేశామో చెప్పలేదు కదా. తాండూరులోనే మంజుల మేడ మీదకు తీసుకుపోయి పావురాలకు చల్లేసింది. డబ్బా కడిగి నాకే ఇచ్చింది. నేను తెచ్చి మళ్లీ అదే గూట్లో పెట్టాను, ఎక్కడ పెట్టాలో తెలియక.

ఒడి నిండాక ఆడబిడ్డ అందులోంచి కొన్ని పిడికిళ్లు తీసి పుట్టింటికి తిరిగి ఇస్తుంది కదా, పుట్టిల్లు చల్లగా ఉండాలని. నేను ప్రతిసారీ నీ కొంగులో పోసేదాన్ని. నువ్వు కళ్లకద్దుకునేదానివి. మంజుల పిడికిలి నిండా బియ్యం పట్టుకుని నిలబడింది. ఎవరికి ఇవ్వాలి? అందరూ నీ ఫోటో వైపు చూపించారు, ఫోటో ముందు పళ్లెం పెట్టారు. నేను నా కొంగు పట్టాను. అది రెండిటినీ చూసింది. గూటి దగ్గరికి వెళ్లింది. డబ్బా మూత తీసింది.

"ఆమె నాకు దీంట్లనే పోసింది. నేను గూడ దీంట్లనే పోస్త" అంది.

పిడికిలి తర్వాత పిడికిలి, ఐదు పోసింది. పైన ఒక కుడుక పెట్టింది. మూత పెట్టింది. ఎవరి వైపూ చూడకుండా ఒడి పట్టుకుని గడప దాటి, ఆటో ఎక్కింది. ఆటో కదిలాక తల బయటకు పెట్టి నాతో అన్న మాట ఒక్కటే. "మళ్ల వస్త అక్కా. ఫోన్ చేసినా వస్త."

డబ్బా ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఇల్లు ఖాళీ చేసి తాళం చెవి ఇచ్చేశాను. మిషన్ మంజుల తీసుకుంటానంది, దుకాణంలోకి.

ఇంకో మూడు నెలల్లోపే నీ సంవత్సరీకం. దానికి ఎవరినీ బొట్టు పెట్టి పిలవరు, తెలుసుగా. నేను మంజులను పిలవను. వస్తుందో రాదో దాని ఇష్టం, రాకపోతే ఎందుకు రాలేదని అడగను కూడా. నువ్వు అడిగే హక్కు ఎప్పుడో పోగొట్టుకున్నావు.

కానీ నీకు ఒక మాట ఇస్తున్నాను. ఆ రోజు నీకు పెట్టే అన్నం ఆ డబ్బాలో బియ్యంతోనే వండుతాను. పసుపు బియ్యం అలాంటి వాటికి పనికిరావని అంటారు. అననీ. నీ చిన్నబిడ్డ చేత్తో నీకోసం పోసినవి ఈ లోకంలో అవే ఉన్నాయి. ముఖం ఎదుటికి రాకుండా, డబ్బాలోంచి తీసి పెడితే ఎలా ఉంటుందో నువ్వూ ఒకసారి తిని చూడు.

పురుగు పట్టకుండా చూసుకుంటున్నాను. వచ్చి తిను.

నీ పెద్దబిడ్డ,
పద్మ